నాల్గవ పాదము

నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదిన జిల్లా కేంద్రమైనది. మరుసటి సంవత్సరమే యిచ్చట ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. ప్రతి పెద్ద జబ్బునకును 70 కిలోమీటర్లకు పైబడి కర్నూలునకు పరుగెత్తవలసివచ్చిన జనులకు ఇది గొప్ప ఊరట యనుటలో సందేహము లేదు. భవనములు చాలునా, వైద్యులు నిండుగా నున్నారా, మందులు వేళకు వచ్చుచున్నవా యను చర్చ జరుగుచున్నది, జరుగవలసినదే. కాని యీ చర్చలలో నెన్నడును వినబడని ప్రశ్న యొకటి కలదు. రోగి ఆసుపత్రి విడిచి యింటికి వచ్చిన పిదప, నెలలు గాదు, సంవత్సరముల తరబడి వానిని మోయుచున్న దెవరు? ఆ మోయుచున్నవారి మేలు కీడులు చూచుచున్న దెవరు?

పక్షవాతముతో మంచము పట్టిన పెద్దలు, జ్ఞాపకశక్తి నశించి కన్నబిడ్డలనే గుర్తింపజాలని వృద్ధులు, పుట్టుకతోనే కాలుచేతులు స్వాధీనములేని బిడ్డలు, వారమునకు రెండు మూడుమారులు రక్తశుద్ధికై తీసికొనిపోవలసిన మూత్రపిండ రోగులు, రహదారి ప్రమాదములలో నడుము విరిగిన యువకులు లేని గ్రామము మన జిల్లాలో నుండదు. వీరిలో ప్రతివాని ప్రక్కను మఱియొక మనుష్యుడు, తఱచుగా ఒక స్త్రీ, కట్టివేయబడి యున్నది. జబ్బు ఒకరికి వచ్చును. మంచము ఇద్దరిని పట్టును. ఈ రెండవవారిని గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము.

మన పూర్వులు వీరిని మరువలేదు. చరకుడు తన సంహితయందలి సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములను చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగును సరిగా నున్ననే గాని చికిత్స నిలువదు. పరిచారకునకును నాలుగు గుణములను విధించినాడు: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. ఇందు అనురాగము మొదట చెప్పబడలేదనియు, ఉపచారజ్ఞానమే మొదట చెప్పబడినదనియు పాఠకులు గమనింపవలెను. ప్రేమ యున్న చాలును, తక్కినవన్నియు తామే వచ్చునని ఆ మహావైద్యుడు తలపలేదు. నేటి మన యేర్పాట్లలో వైద్యునకు జీతము కలదు, ఔషధమునకు వెల కలదు, రోగులలో కొందరికైనను పింఛను కలదు. పరిచారకునకు మాత్రము ‘మంచి కోడలు’ అను మాట కలదు. అదియును ఒడలిలో ఓపిక యున్నన్నాళ్లే.

ఈ సేవ యెట్టిదో దూరమునుండి చూచువారికి తెలియదు. ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలో, పక్షవాతముతో పడియున్న మామగారిని చూచుకొను నొక ఇల్లాలి దినమును లెక్కింతము. ఒడలు కదల్చలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పనియెడల నడుమునను మడమలయందును పుండ్లు పడును. ఆ పుండ్లు ఎముకదాక పోయి ప్రాణములు తీయగలవు. మలమూత్రముల గుడ్డలు మార్చి ఉతుకవలెను. అన్నము మెత్తగా పిసికి, తలను ఎత్తిపట్టి, కొంచెము కొంచెముగా పెట్టవలెను. తొందరపడినచో అది శ్వాసనాళమున పడి క్రొత్త జబ్బు తెచ్చును. మాత్రలు వేళ తప్పరాదు. బిగుసుకొనిపోయిన కాలుచేతులను దినమునకు రెండు మూడుమారులు చాచి ముడిచి సాధన చేయింపవలెను. రాత్రి ఎన్నిమారులు పిలిచినను లేవవలెను. దీనిపైని గేదెకు మేత, బిడ్డలకు బడి, పొలమునకు సద్ది, ప్రత్తితీతకాలమున కూలీలకు అన్నము నున్నవి. రోగిని పరీక్షకు తీసికొనిపోవలసిన దినము వచ్చెనా, రైలు లేని ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దారి. బండికి బాడుగ, ఎత్తుటకు ఇద్దరు మనుష్యులు కావలెను. అమావాస్యనాడు కాడి కట్టక ఎద్దునకు విశ్రాంతి నిచ్చు ఆచారము మన సేద్యగాండ్రకు పూర్వమునుండి కలదు. ఎద్దునకు దొరకిన ఆ సెలవు ఈ ఇల్లాలికి ఉగాదినాడును లేదు.

ఒక నెల యిట్లు చేయుట కష్టమే యైనను సాధ్యము. అయిదేండ్లు, పదియేండ్లు చేసిన ఏమగును? నిద్రలేమి మొదట వచ్చును. బరువెత్తి యెత్తి నడుము చెడును. తనకు రక్తపుపోటో చక్కెరజబ్బో యున్నను తన పరీక్ష వాయిదా పడును. ‘నేను పోయినచో ఇక్కడ ఎవరుందురు?’ అను ప్రశ్నకు ఉత్తరముండదు. చుట్టాల పెండ్లిండ్లు, పేరంటములు ఒక్కటొక్కటిగా తప్పిపోయి తుదకు పిలుపులే మానిపోవును. పిమ్మట మనస్సు క్రుంగును. విసుగు కలుగును, ఒకనాడు నోరు జారి రోగిపై కేక వేయుదురు. ఆ రాత్రి యంతయు పశ్చాత్తాపముతో ఏడ్తురు. ఈ కోపమును దుర్గుణమని తలచుట అన్యాయము. అది అలసట. విశ్రాంతి లేని భుజము వణకుట దుర్గుణమైనచో ఇదియు దుర్గుణమే.

ఇవి మా భావనలు మాత్రమే కావు. అమెరికాలో 1999లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు, జబ్బుపడిన భార్యకో భర్తకో సేవచేయుచు ఆ భారముచే క్రుంగిన వృద్ధులలో, అట్టి భారము లేనివారికంటె, నాలుగు సంవత్సరములలో మరణించు ప్రమాదము 63 శాతము అధికముగా నుండెనని తేలినది. సేవ చేయుట కాదు, క్రుంగుచు చేయుటయే ప్రాణాపాయ మని దాని సారాంశము. ఇట్లు మోయువాడు పడిపోయినప్పుడు ఇంటిలో ఒక రోగికి బదులు ఇద్దరు రోగులుందురు.

శ్రవణకుమారుని కథను మన పల్లెలలో వినని బిడ్డ లేడు. గ్రుడ్డి తల్లిదండ్రులను కావడిలో మోసిన ఆ పుత్రుని భక్తిని మనము తరతరములుగా కీర్తించుచున్నాము. కాని ఆ కథలోని రెండవ నీతిని మనము వదలిపెట్టితిమి. దశరథుని బాణము ఒక్కనికే తగిలినది, చచ్చినవారు ముగ్గురు. సేవకుడు కూలినంతనే వానిపై నాధారపడిన యిద్దరును నిలువలేకపోయిరి. మనము కావడిని చూచితిమి, కావడి బద్దక్రింది భుజమును చూడలేదు.

ఈ భుజము ఎవరిది? 2024లో కేంద్ర గణాంక శాఖవారు జరిపిన కాలవినియోగ పరిశీలనలో, 15 మొదలు 59 సంవత్సరముల స్త్రీలలో 41 శాతము మంది యింటివారి సంరక్షణలో పాల్గొనుచున్నట్లును, పురుషులలో 21.4 శాతము మందియే పాల్గొనుచున్నట్లును వెల్లడియైనది. పాల్గొనువారిలోనైనను స్త్రీలు దినమునకు సుమారు 140 నిమిషములు, పురుషులు సుమారు 74 నిమిషములు వెచ్చించుచున్నారు. ఇందు బిడ్డల పెంపకమును చేరియున్నది. అయినను త్రాసు ఎటు మొగ్గియున్నదో తెలియుటకు ఈ లెక్క చాలును. జనాభా లెక్కలలో ఈ స్త్రీలు పని లేనివారిలో, ‘ఇంటిపనులు’ అను పద్దుక్రింద కలిసిపోవుదురు. వీరికి ప్రత్యేకముగా పేరైనను లేదు. ఈ ప్రాంతమునకు పరాయిదొరలు పెట్టిన ‘దత్తమండలములు’ అను పేరును త్రోసివైచి ‘రాయలసీమ’ యని పేరుపెట్టుకొన్నది 1928లో నంద్యాలయందు జరిగిన సభలోనే యని పాఠకు లెరుగుదురు. పేరు వచ్చిన పిదపనే హక్కుల మాట వచ్చును. కావున ముందుగా వీరికి చరకుడిచ్చిన పేరునే యిత్తము: వీరు పరిచారకులు, చికిత్సకు నాల్గవ వంతు.

ఇక మన యిండ్లలోని న్యాయమును కొంచెము విచారింతము. మన పాఠకులలో పలువురు భూవసతి కలవారు. పంపకముల మర్మము లెరిగినవారు. అన్నదమ్ములు వేరుపడునపుడు మాగాణి సెంటులతో సహా కొలువబడును. బావి, కల్లము, చింతచెట్టుకూడ లెక్కకు వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున త్రవ్వబడిన కర్నూలు–కడప కాలువ క్రింద నీటి కెద్దడి వచ్చినపుడు వంతులు వేసికొని, రాత్రి లాంతరు పట్టుకొని గట్టుపై కూర్చుండి, మన వంతు గడియ దాటకుండ కాచుకొందుము. ఇంత నేర్పుగల మనము మంచముపట్టిన తండ్రిని పంచుకొనునపుడు మాత్రము ఒక్క వాక్యముతో ముగింతుము: ‘ఊళ్లో ఉన్నవాడు చూచుకొనును.’ ఊళ్లో నున్నవాడు అన, నిజమున ఆతని భార్య. బెంగుళూరునందో హైదరాబాదునందో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు వచ్చి, పండ్లబుట్ట మంచము ప్రక్కన నుంచి, ‘నాన్న చిక్కిపోయినాడే’ యని వదినను ప్రశ్నించి మరుసటి దినము బస్సెక్కును. నీటికి వంతులున్నవి, సేవకు వంతులు లేవు.

‘సేవ ధర్మము, దానికి వంతులేమి, వెలయేమి?’ యని కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. ధర్మబుద్ధియే లేకున్న ఏ చట్టమును ఏ భత్యమును రోగికి గుక్కెడు నీరు పోయజాలవు. కాని పితృఋణము పుత్రులందరిదని శాస్త్రము చెప్పుచున్నది గదా! అందరి ఋణమును ఒక్కరిచేత, అందులోను పరాయి యింటినుండి వచ్చిన యొకతెచేత, తీర్పించుట యే ధర్మము? ఆస్తియందు కుమార్తెలకును సమాన హక్కు మన రాష్ట్రమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు చట్టబద్ధమైనది. హక్కు సమానమైనపుడు బాధ్యతయు కుమారులకు, కుమార్తెలకు సమానమే. ఏ హక్కును లేని కోడలిపై మాత్రము బాధ్యత యంతయు నిలిచియున్నది.

సేవాగ్రామమున కుష్ఠురోగపీడితుడైన సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రికి గాంధీమహాత్ముడు స్వహస్తములతో ఉపచారము చేసిన సంగతి లోకవిదితము. పురుషుడు, అందులోను ఒక జాతికి నాయకుడు, పుండ్లు కడిగినపుడు చేతులు మైలపడలేదు, ఔన్నత్యము తగ్గలేదు. ఆ దృష్టాంతమును చిత్రపటములలో చూచి నమస్కరించు మన మగవారు తమ తల్లి గుడ్డ మార్చుటకు ఏల సిగ్గుపడవలెను? మఱియొక మాట. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకేగిన వీరులకు విడుదల తేది యుండెను. ద్వారము వెలుపల పూలమాలలుండెను. ఈ పరిచారకులకు విడుదల తేది తమవారి మరణము తప్ప మఱియొకటి లేదు. అట్టి తేదికై ఎదురుచూచుచున్నామేమో యను భయమే వారి హృదయమును దహించు కడపటి శిక్ష. ఆ శిక్షను తప్పించుట మన చేతిలో నున్నది.

ప్రభుత్వము ఏమి చేసినది? కొంత చేసినది. దానిని చెప్పుటకు మేము వెనుదీయము. మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైన పక్షవాతాది రోగులకు నెలకు 5,000 రూపాయలుగా నుండిన పింఛను మన రాష్ట్రమున 2024లో 15,000 రూపాయలకు పెంచబడినది. బీదయింటికి ఇది చిన్న సొమ్ము కాదు. 2007లో వెలసిన ఆరోగ్యశ్రీ పథకము వలన శస్త్రచికిత్సలు బీదలకును అందినవి. అయితే శస్త్రచికిత్స గంటలతో ముగియును. సేవ అప్పుడే ఆరంభమగును. అదే 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వృద్ధులను విడిచిపెట్టువారికి మూడు నెలల వరకు చెరసాల విధించినది. మంచిదే. కాని సేవ చేయనివానిని దండించు చట్టము, పదియేండ్లుగా సేవ చేయుచున్నవారికి ఒక్క రాత్రి నిద్రనైనను ఇచ్చుచున్నదా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున 24వ విభాగము, అధికసహాయము అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యము కల్పింపవలెనని ప్రభుత్వములకు చెప్పియున్నది. ఆ యక్షరములు ఆళ్లగడ్డ గడపవరకు నడచిరావలెను.

2025 జనవరిలో 15,000 రూపాయల పింఛనుదారుల యిండ్లకు వైద్యబృందములు వచ్చి వారి వైకల్యము నిజమా కాదా యని పరీక్షించినవి. ప్రజాధనమును కాపాడుటకు పరీక్ష చేయుట తప్పని మే మనము. అయితే వచ్చిన వైద్యుడు మంచముపై నున్నవానిని పరీక్షించి, మంచము ప్రక్కన నిలిచియున్న స్త్రీని ‘అమ్మా, నీవు నిద్రించి ఎన్నాళ్లయినది? నీ రక్తపుపోటు ఎంత?’ యని అడిగియుండిన ఎంత బాగుండెడిది! ఇల్లు ఒక్కటే, గడప ఒక్కటే, ప్రయాణవ్యయము ఒక్కటే. ప్రశ్న మాత్రము రెండవది కావలెను.

ఈ మార్గమున మనకంటె ముందు నడచినవారు కలరు. జర్మనీలో 1995 నుండి అమలులోనున్న దీర్ఘకాల సంరక్షణ భీమా, ఇంటిలో సేవ చేయువారు జబ్బుపడినపుడో విశ్రాంతి కోరినపుడో బదులు మనిషికగు వ్యయమును భరించుచున్నది. జపాను 2000లో అట్టి భీమానే నెలకొల్పినది. అవి ధనికదేశములు, మన కేటి పోలిక యందురేమో, కేరళమును చూడుడు. కోళిక్కోడు వైద్యకళాశాలయందు 1993లో చిన్న చికిత్సాకేంద్రముగా మొదలైన ఉపశమనసేవ క్రమముగా ఊరూరికి ప్రాకినది. వారమునకు కనీసము రెండు గంటలు తమ యిరుగుపొరుగు రోగులకై వినియోగింపగల సామాన్య జనులను చేర్చి, వారికి శిక్షణ యిచ్చి, వారి వెనుక దాదులను వైద్యులను నిలిపిరి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించి, పంచాయతీలను ఇందు భాగస్వాములను చేసినది. మంచముపట్టినవారికి సేవ చేయువారికై 2010లో మొదలైన ఆశ్వాసకిరణము అను పథకమున నెలకు 600 రూపాయల సహాయము ఏర్పడినది. ఆ సొమ్ము స్వల్పమే. కాని అది రోగి పేర గాక పరిచారకుని పేర వ్రాయబడినది. గుర్తింప దగిన దదియే.

మన నంద్యాల జిల్లాలో ఏమి చేయవచ్చును? మేము అసాధ్యములను కోరము.

మొదటిది, శిక్షణ. పక్షవాత రోగిని ఇంటికి పంపుటకు ముందే, వానిని త్రిప్పుట, ఎత్తుట, గొట్టము ద్వారా ఆహారమిచ్చుట, పుండు పడకుండ చూచుట అను పనులను ఇంటివారిలో ఒక్కరికి గాక ఇద్దరికి నేర్పవలెను. ఆ యిద్దరిలో నొకరు పురుషుడై యుండవలెను. వైద్యవిద్యార్థులున్న ఊరిలో నేర్పువారికి కొదువ యుండదు.

రెండవది, విశ్రాంతి. నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రిలోను, ఆళ్లగడ్డ ఆసుపత్రిలోను కొన్ని మంచములను ప్రత్యేకించి, సంవత్సరమునకు కొన్ని దినములైనను రోగిని అక్కడ నుంచుకొని పరిచారకుని యింటికి పంపు ఏర్పాటు కావలెను. పట్టణపు వర్తకసంఘములు, మిల్లుల యజమానులు తలచుకొనినచో ఈ వ్యయము వారికి భారము కాదు.

మూడవది, చట్టము చెప్పిన భత్యము. సచివాలయములలో మంచముపట్టిన వారి పేరులు వ్రాసియున్నవి. ఆ వరుసలోనే సేవచేయువారి పేరునకును ఒక గడి గీయవలెను. గడి యున్ననాడు దానిలో అంకె యడుగుటకు వీలగును.

నాల్గవది, ఇరుగుపొరుగు. పొదుపుసంఘములలో ఇంతమంది స్త్రీలను కూర్చిన మన పల్లెలు, వారమునకు రెండు గంటలు ప్రక్క యింటి మంచము చెంత కూర్చుండు వంతులను కూర్చలేవా? సంక్రాంతి మొదలు నలువది దినములు అహోబిల స్వామి పార్వేటకు బయలుదేరి ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలకు తానే కదలివచ్చును. కొండకు రాలేనివారి ముంగిటికి దేవుడే వచ్చు సీమ యిది. ఆ పల్లకిని మోయువారు ఒక్క భుజముతో ఊరూరు తిరుగరు. మనిషి మార్చుకొందురు, భుజము మార్చుకొందురు. దేవుని మోయుటకే వంతులు అపచారము కానప్పుడు తండ్రిని మోయుటకు వంతులు అపచార మెట్లగును?

ఇవి యన్నియు సమకూరు లోపల ఒంటరిగా క్రుంగుచున్న వారికి ఒక మాట. మనోవ్యథకు సలహా చెప్పుటకు 2022లో ఏర్పడిన టెలీ–మానస్ సేవ 14416 సంఖ్యయందును, వృద్ధుల విషయమున సహాయమునకు 14567 సంఖ్యయందును తెలుగుననే మాటలాడవచ్చును. అలసితినని చెప్పుట ప్రేమ తగ్గినదని చెప్పుట కాదు.

పాఠక మహాశయులకు మా విజ్ఞప్తి యొక్కటే. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము, అడుగుచునే యుందుము. కాని సేవకు వంతులు వేయుటకు ఏ శాసనసభ అనుమతియు నక్కరలేదు. మీ యింటనో మీ అన్నదమ్ముల యింటనో మంచముపట్టినవారున్నచో ఈ వారమే అందరును కూర్చుండుడు. పొలము పంచుకొన్ననాడు కాగితము వ్రాసికొన్నట్లే వ్రాసికొనుడు: ఏ నెల యెవరిది, రాలేనివాడు ఎంత సొమ్ము పంపవలెను, ఇన్నాళ్లు మోసిన ఇల్లాలు ఏ దినములలో పుట్టినింటికి పోవచ్చును. వైద్యుడు, ఔషధము, రోగి యను మూడు పాదములను సరిచేయుటకు నిపుణులు కావలెను. నాల్గవ పాదమును నిలుపుటకు ఇంటివారు చాలుదురు.